రాబ్తా మునఖతా: తెగిన తార్‌ను వెతికే హునర్ తవారీఖ్



ఫోన్ మాట్లాడుతుండగా మధ్యలో లైను పోతే మన పెద్దవాళ్లు ఉర్దూలో ఒక మాట అంటారు: "రాబ్తా మునఖతా హో గయా". సంబంధం తెగిపోయింది అని. ఈ మునఖతా అనే మాట అరబీలోని 'ఖత్అ' నుంచి వచ్చింది. కోయడం, తెంచడం అని దాని మానీ. హదీసు ఇల్మ్‌లో కూడా ఇదే మాట ఉంది. ఒక రివాయత్ ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే సనద్‌లో ఎక్కడైనా గొలుసు తెగి ఉంటే దాన్ని 'మునఖతె' అంటారు. ఫోన్ లైనుకూ, సనద్‌కూ ఒకే మాట వాడడం ఇత్తిఫాఖ్ అనుకోవచ్చు. కానీ ఆలోచిస్తే రెండింటి దగ్గరా అడగాల్సిన సవాల్ ఒకటే: తెగింది ఎక్కడ?

ఇంట్లో వైఫై ఆగిపోయినప్పుడు మనం ఆ సవాల్ అడగం. ముందు ఇల్జాం వేస్తాం. "ఛోటూ గేమ్స్ ఆడి ఆడి ఖరాబ్ చేశాడు." "పక్కింటోళ్లకు మన పాస్‌వర్డ్ తెలిసిపోయింది." "కంపెనీవాళ్లు పైసలు తిని పని చేయరు." ఇవాళ నెట్ ఆగడం చిన్న విషయం కాదు. అబ్బా రియాద్ నుంచి చేసే వీడియో కాల్ దాని మీదే ఉంది. ఆపా ఇంటర్వ్యూ దాని మీదే. పిల్లల నాజిరా క్లాసు దాని మీదే. అందుకే గుస్సా త్వరగా వస్తుంది. గుస్సా వెనకాలే బద్‌గుమానీ వస్తుంది.

షక్‌కు ముందు సబూత్ వెతకడం అనే తరీఖా ఈ తార్ల దునియాకు ఒక్కరోజులో రాలేదు. దాదాపు నూట డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ తవారీఖ్‌నే మీ గోడ మీద మినుకుమినుకుమనే రౌటర్ దాకా తీసుకొస్తాను.

తార్ ఘర్ జమానా

మన దేశంలో ఈ కథ ఒక డాక్టరుతో మొదలవుతుంది. విలియం బ్రూక్ ఓషాఘ్నెస్సీ ఐర్లాండ్ వాడు, కలకత్తా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్. 1839లో కలకత్తా దగ్గర తార్ కట్టి, దాని గుండా పైగాం పంపించి చూశాడు. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా లైను నడిచింది. 1855 నాటికి మామూలు జనం కూడా పైసలిచ్చి తార్ కొట్టించే వీలు వచ్చింది. ఇక్కడి వానలకు, కోతులకు, పక్షులకు సన్న తీగ ఆగదని ఆయన లావు ఇనుప కడ్డీలే వాడాడు. లైను ఎందుకు తెగుతుందో ముందే ఆలోచించి కట్టాడన్నమాట.

నేల మీద తార్ తెగితే స్తంభాల వెంట నడిచి చూడొచ్చు. సమందర్ అడుగున తెగితే? ఈ సవాల్‌కు జవాబ్ లేకుండానే 1858 ఆగస్టు 5న ఐర్లాండ్ నుంచి అమెరికా ఖండం దాకా అట్లాంటిక్ కేబుల్ వేసేశారు. ఆగస్టు 16న విక్టోరియా రాణి పంపిన 98 మాటల పైగాం చేరడానికి 16 గంటలు పట్టింది. సిగ్నల్ అంత బలహీనంగా ఉంది. దాన్ని చూసుకునే వైట్‌హౌస్ వృత్తిరీత్యా సర్జన్. జబ్బు ఎక్కడుందో కొలవకుండా మందు డోసు పెంచినట్టు కరెంటు పెంచాడు. దాదాపు రెండు వేల వోల్టుల దాకా పోయింది. అప్పటికే నలిగి ఉన్న కేబుల్ ఇంకా తొందరగా చచ్చిపోయింది. మూడు వారాలలో అట్లాంటిక్ మళ్లీ మూగబోయింది.

ఇండియా కోసం ఎర్రసముద్రం మీదుగా 1859-60లో వేసిన కేబుల్ గతి కూడా అంతే. కొద్దికాలానికే పాడైంది. ఈ రెండు నష్టాల మీద బ్రిటిష్ సర్కారు, అట్లాంటిక్ కంపెనీ కలిసి జాంచ్ కమిటీ పెట్టాయి. ఆ జాంచ్‌లో తేలిన పెద్ద సబఖ్ ఇది: కొలవనిదే కేబుల్ వేయొద్దు, కొలవనిదే ముట్టుకోవద్దు. విలియం థామ్సన్ వంటి సైంటిస్టుల ప్రోద్బలంతో 1861లో తార్ అడ్డుదలను, అంటే రెసిస్టెన్స్‌ను, అందరూ ఒకే లెక్కలో కొలవడానికి ఒక కమిటీ కూడా ఏర్పడింది. మన పిల్లలు ఫిజిక్స్‌లో చదివే 'ఓమ్' ఇలా ఖాయం అయింది.

ఆ కొలతతో ఏం ఫాయిదా? ఒక మిసాల్. మైలు తార్‌కు పది ఓముల రెసిస్టెన్స్ ఉందనుకోండి. తార్ ఎక్కడో నేలకు తగిలి పాడైంది. ఒడ్డున కూర్చొని కొలిస్తే 350 ఓములు చూపించింది. అంటే ఖుసూర్ ముప్పై అయిదో మైలు దగ్గర ఉంది. ఓడ నేరుగా అక్కడికే పోయి కేబుల్‌ను పైకి లాగుతుంది. అసలు లెక్క ఇంత సులువు కాదు, తెగిన చోట ఉప్పునీళ్లు కూడా లెక్కను తారుమారు చేస్తాయి. కానీ ఉసూల్ ఇదే. అడుగడుగూ వెతకకుండా ఒక కొసన కూర్చొని దూరంలోని ఖుసూర్‌ను కనిపెట్టడం మనిషి నేర్చుకున్నది అప్పుడే.

ఖలీజ్ దాకా ఒక తార్

మన కుటుంబాల్లో సగం మందికి ఖలీజ్‌తో రిష్తా ఉంది. దుబాయ్, కువైట్, దమ్మామ్, మస్కట్. హైదరాబాద్, కర్నూలు, కడప మొహల్లాల్లో ఈ పేర్లు పక్క ఊరి పేర్లలాగే వాడతాం. ఆ ఖలీజ్ నీళ్లలో మొదటి తార్ పడింది 1864లో. గ్వాదర్ నుంచి ముసందం, అక్కడి నుంచి ఇరాన్‌లోని బూషెహర్, ఆ పైన ఇప్పటి ఇరాక్‌లోని ఫావ్. ముసందం దగ్గర ఒక చిన్న రాతి దీవి మీద తార్ ఘర్ కట్టారు. ఆ దీవిని ఇప్పటికీ టెలిగ్రాఫ్ ఐలాండ్ అంటారు. ఫావ్ నుంచి ఉస్మానియా సల్తనత్ తార్ల మీదుగా బగ్దాద్, ఇస్తాంబుల్ చేరి, 1865లో ఇండియా నుంచి యూరప్‌కు పైగాం పోయింది.

పోయింది గానీ, ఎలా పోయింది? దారిలో ప్రతి తార్ ఘర్‌లో ఒక మున్షీ పైగాం విని, రాసుకొని, మళ్లీ ముందుకు కొట్టేవాడు. ఒకడు ఒక అక్షరం తప్పు వింటే తర్వాతివాళ్లందరూ ఆ తప్పునే మోసేవాళ్లు. రోజుల తరబడి ఆలస్యం, చేరేసరికి మాటలు గల్లంతు. తార్ ఎక్కడా తెగలేదు. అయినా పైగాం సలామత్‌గా చేరలేదు. లైను బతికి ఉండడం వేరు, పైగాం చేరడం వేరు. ఈ ఫరఖ్ గుర్తుంచుకోండి, ఇంటి రౌటర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

'ఎల్', 'ఓ', ఆ పైన ఖామోషీ

ఇంటర్నెట్ పుట్టుక కూడా ఖుసూర్‌తోనే మొదలైంది. 1969 అక్టోబర్ 29న లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీ నుంచి ఒక స్టూడెంట్ స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటర్‌కు 'లాగిన్' అనే మాట పంపబోయాడు. 'ఎల్' చేరింది. 'ఓ' చేరింది. అంతే, అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. గంట తర్వాత సరిచేసి మళ్లీ పంపారు. కొత్త జమానా మొదటి పైగాం రెండక్షరాలు. దాని వెంటనే మొదటి రిపేరు.

నెట్‌వర్కులు పెరిగాక పాత సవాల్ మళ్లీ వచ్చింది. జవాబ్ రావడం లేదు, ఎందుకు రావడం లేదు? 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ ఒక్క సాయంత్రం కూర్చొని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అది అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని అడుగుతుంది. ఉంటే "ఉన్నా" అని జవాబ్ వస్తుంది, ఎంత వఖ్త్ పట్టిందో కూడా తెలుస్తుంది. జలాంతర్గాములు శబ్దం పంపి దాని ప్రతిధ్వని వినే తీరు చూసి దానికి 'పింగ్' అని పేరు పెట్టాడు. సలాం చేసి, వలైకుం సలాం కోసం ఆగడం లాంటిదే ఇది.

పింగ్ "ఉన్నాడా, లేడా" వరకే చెప్తుంది. దారిలో ఎక్కడ ఆగిందో చెప్పదు. 1986 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలో ఒక అజీబ్ సంఘటన జరిగింది. బర్క్‌లీలో నాలుగు వందల గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య నెట్‌వర్క్ స్పీడు సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తార్ తెగలేదు, మెషిన్ చెడలేదు. జవాబ్ ఆలస్యమైన కొద్దీ అందరూ అదే పైగాం మళ్లీ మళ్లీ పంపడంతో దారి మూసుకుపోయింది. దీన్ని తహఖీఖ్ చేసినవారిలో వాన్ జేకబ్సన్ ఒకడు. జామ్ ఉంటే తగ్గి పంపాలి, ఖాళీ ఉంటే మెల్లగా పెంచాలి అనే నడవడికను కంప్యూటర్లకు నేర్పింది ఆయనే. 1987లో 'ట్రేస్‌రూట్' అనే సాధనం రాసిందీ ఆయనే.

ప్యాకెట్ సనద్

ట్రేస్‌రూట్ తరీఖా ఇది. ఇంటర్నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, "నా దగ్గర ఆగింది" అని వెనక్కి ఖబర్ పంపుతుంది. జేకబ్సన్ ముందు అంకె 1 వేసి పంపాడు, మొదటి రౌటర్ తన పేరు చెప్పింది. 2 వేశాడు, రెండోది చెప్పింది. ఇలా మంజిల్ దాకా దారిలో ఉన్న ఒక్కొక్కరి గవాహీ తీసుకున్నాడు.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మన ముహద్దిసీన్ గుర్తొచ్చారు. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు, ఆయన ఫలానా ఆయన దగ్గర. ఒక్కో రావీ ఎవరు, ఎప్పుడు జీవించాడు, ఇద్దరూ కలిసే వీలు ఉందా, యాదాష్త్ ఎలాంటిది, ఇవన్నీ జాంచ్ చేశారు. దాని కోసం అస్మా ఉర్ రిజాల్ అనే ఇల్మ్‌నే నిలబెట్టారు. హదీసును ప్యాకెట్‌తో తూచడం నా నీయత్ కాదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. నేను చెప్పేది తరీఖా గురించే. మొత్తం గొలుసు మీద ఒకేసారి ఫైసలా చేయకూడదు, కడి తర్వాత కడి చూడాలి.

ఇంకో మాట. ట్రేస్‌రూట్‌లో కొన్ని చోట్ల పేరు రాకుండా చుక్కలు మాత్రమే వస్తాయి. దారి అక్కడ తెగినట్టు కాదు. కొన్ని రౌటర్లు ప్యాకెట్‌ను ముందుకు పంపుతాయి గానీ సవాల్‌కు జవాబ్ ఇవ్వవు. ఖామోష్‌గా ఉన్నవాడు ముజ్రిం అని తీర్మానించకండి.

మీ గోడ మీది డబ్బా దగ్గర

ఇప్పుడు ఇంటికి వద్దాం. నెట్ ఆగింది. కడి తర్వాత కడి చూద్దాం.

మొదటి కడి రోషనీ. ఇప్పుడు చాలా ఇళ్లకు వచ్చేది వెంట్రుకంత సన్నని గాజు తార్. గాజులో వెలుతురు ఎలా ఒంగుతుందో లెక్క కట్టినవారిలో పదో శతాబ్దం బగ్దాద్ విద్వాంసుడు ఇబ్న్ సహల్ ఉన్నాడు, 984లో రాశాడు. ఫైబర్‌ను ఆయనే కనిపెట్టాడని గొప్పలు పోవాల్సిన పని లేదు. మంచి శుద్ధమైన గాజుతో దూరాలకు కబురు పంపవచ్చని 1966లో చూపించింది చార్లెస్ కావ్, దానికే 2009లో నోబెల్ అందుకున్నాడు. డబ్బా మీద 'ఎల్‌ఓఎస్' అనే లైటు ఎర్రగా వెలిగితే ఆ వెలుతురు మీ ఇంటికి చేరడం లేదని అర్థం. తార్ బీరువా కింద నలిగిందా, ఇల్లు ఊడ్చేటప్పుడు ఒంగిపోయిందా చూడండి. లేకపోతే ఖుసూర్ గల్లీలో ఉంది. డబ్బాను వంద సార్లు ఆపి వేసినా ఫాయిదా లేదు, ఫిర్యాదు చేయండి. ఊడిన ఫైబర్ కొసను కంటితో చూడొద్దు. ఆ కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. లైన్‌మన్ తెచ్చే మీటరు ఒక వెలుగు మెరుపును తార్‌లోకి పంపి, అది వెనక్కి రావడానికి పట్టిన వఖ్త్‌ను బట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్తుంది. 1860ల నాటి ఓముల లెక్కకు ఇది మనవరాలు.

రెండో కడి పరిచయం. 'ఎల్‌ఓఎస్' లేదు, 'పీఓఎన్' నిలకడగా వెలుగుతోంది, 'ఇంటర్నెట్' లైటు మాత్రం లేదు. తార్ బాగానే ఉంది, కంపెనీ మిమ్మల్ని గుర్తుపట్టడం లేదు. రీచార్జ్ అయిపోయిందా చూడండి. ఇక్కడే చాలామంది పిన్నుతో వెనక ఉన్న చిన్న రీసెట్ బొక్క నొక్కేస్తారు. అలా చేస్తే కంపెనీ వేసిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ అన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. వైట్‌హౌస్ రెండు వేల వోల్టుల మందు అదే. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు.

మూడో కడి గాలి. డబ్బా లైట్లన్నీ సరిగా ఉన్నాయి, ఒక్క ఫోన్‌లో రావడం లేదు. ఇంకో ఫోన్‌లో చూడండి, డబ్బా పక్కన నిలబడి చూడండి. అక్కడ వస్తే ఖుసూర్ తార్‌ది కాదు, గాలిది. 1971లో హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపాడు. దాని పేరు అలోహానెట్. అలోహా అంటే అక్కడివాళ్ల సలాం. అందరూ ఒకే గాలిలో మాట్లాడాలి, ఇద్దరి మాట ఢీకొంటే ఇద్దరూ తలా కొంచెం వఖ్త్ ఆగి మళ్లీ చెప్పాలి. మన వైఫై దాని వారసుడే, కాకపోతే ముందు విని తర్వాత మాట్లాడుతుంది. 1985లో అమెరికా 2.4 గిగాహెర్ట్జ్ వంటి పట్టీలను లైసెన్సు లేకుండా ఇలాంటి రేడియోలకు వదిలింది. మన దేశంలో ఆ పట్టీకి 2005లో లైసెన్సు తీసేశారు. బ్లూటూత్ అక్కడే, వంటింట్లో మైక్రోవేవ్ కూడా అక్కడే. అపార్ట్‌మెంటులో ముప్పై ఇళ్ల వైఫైలు అక్కడే అరుస్తుంటే పాస్‌వర్డ్ దొంగ అవసరమే లేదు, స్పీడు దానంతట అదే పడుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ పేరుకు మారండి. డబ్బాను ఇనుప బీరువా వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, ఎత్తున పెట్టండి.

నాలుగో కడి పతా, అంటే చిరునామా. ఇంటర్నెట్ పాత చిరునామాలు దాదాపు 429 కోట్లే, దునియాలో ఉన్న మెషిన్లకు సరిపోవు. అందుకే 1994లో ఒక ఉపాయం ప్రచురించారు. ఇంటిల్లిపాదికీ బయట ఒకే చిరునామా, లోపల 192.168తో మొదలయ్యే సొంత అంకెలు. ఉమ్మడి హవేలీకి ఒకే డోర్ నంబరు ఉండి, లోపల గదులకు పేర్లు ఉన్నట్టు. ఎవరి ఖత్ ఎవరిదో గుర్తుపెట్టుకునే పని మీ డబ్బాది. నెలల తరబడి ఆగకుండా నడిస్తే ఆ యాదాష్త్ కొన్నిసార్లు గజిబిజి అవుతుంది. ప్లగ్ తీసి అర నిమిషం ఆగి మళ్లీ పెడితే పాత లెక్కలు చెరిపి కొత్తగా మొదలుపెడుతుంది. "ఆపి వేస్తే" ఎందుకు బాగవుతుందో అనుకునేవాళ్లకు ఇదే జవాబ్, జాదూ కాదు. ఫోన్‌లో చిరునామా 169.254తో మొదలైతే డబ్బా దానికి గది ఇవ్వలేదని అర్థం. వైఫైను మర్చిపోమని చెప్పి మళ్లీ కలపండి.

అయిదో కడి పేరు. ఒకప్పుడు కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి, స్టాన్‌ఫర్డ్ సంస్థ ఆ ఫైలు చూసుకునేది. జాబితా మోయలేని బరువయ్యాక 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్‌ఎస్ రూపొందించాడు. పేరు చెప్తే అంకె చెప్పే పెద్దమనిషి అన్నమాట. 8.8.8.8కు పింగ్ పోతోంది గానీ ఏ సైటూ తెరుచుకోవడం లేదంటే లైను బతికే ఉంది, పేర్లు చెప్పేవాడే పలకడం లేదు. సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 లేదా 1.1.1.1 వేసి చూడండి. పాత ఖలీజ్ తార్ ఖిస్సా ఇక్కడ గుర్తొస్తుంది. తార్ సలామత్, పైగాం గల్లంతు.

అఫ్వాలు, లంగరు

అన్ని కడులూ బాగుండి, ఊరంతా నెట్ పడిపోయిన రోజులూ ఉంటాయి. 2008 జనవరి 30న ఈజిప్టులోని ఇస్కందరియా దగ్గర సమందర్ అడుగున రెండు పెద్ద కేబుళ్లు తెగాయి. ఇండియా, పాకిస్తాన్, ఈజిప్టు, ఖలీజ్ దేశాలలో ఇంటర్నెట్ కుంటుపడింది. ఫిబ్రవరి 1న దుబాయ్, ఒమాన్ మధ్య ఇంకో కేబుల్ తెగింది. ఇక అఫ్వాలు మొదలు. ఇది ముస్లిం దేశాల మీద సాజిష్ అన్నారు, ఇరాన్ మొత్తం ఇంటర్నెట్ నుంచి తెగిపోయిందన్నారు. కొలిచి చూసినవాళ్లు ఇరాన్ నెట్‌వర్కులు పలుకుతూనే ఉన్నాయని చూపించారు. దుబాయ్ దగ్గర కేబుల్ ఎత్తడానికి పోయిన ఓడకు దొరికింది వదిలేసిన ఒక లంగరు, అయిదు టన్నులకు పైగా బరువు. ఖబర్ వస్తే ముందు తహఖీఖ్ చేసుకోమని సూరె హుజురాత్‌లో మనకు హుకుం ఉంది. అదే సూరాలో బద్‌గుమానీకి దూరంగా ఉండమనీ ఉంది. ఇల్జాం వేసే ముందు లంగరు కోసం వెతకాలి.

తహఖీఖ్ చేస్తే ఖుసూర్ మనిషిదేనని తేలే సందర్భాలూ ఉంటాయి, అప్పుడు ఆ మాట కూడా సాఫ్‌గా చెప్పాలి. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఏ లంగరూ పడలేదు, ఏ గాజు తారూ తెగలేదు. హుకూమత్ ఉత్తర్వుతో లైన్లు మూతపడ్డాయి. ఇంటర్నెట్‌ను హద్దు లేకుండా ఆపి ఉంచడం చెల్లదని, అలాంటి ఉత్తర్వులను బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. మొబైల్‌లో పూర్తి స్పీడు మళ్లీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ రోజుల్లో ఎంతమంది అమ్మీలు ఫోన్ పట్టుకొని బిడ్డ గొంతు కోసం ఆగారో. ఆ ఖుసూర్‌కు రౌటర్ దగ్గర ఇలాజ్ లేదు, కోర్టులోనూ ప్రజల గొంతులోనూ ఉంది.

కాబట్టి నా గుజారిష్ ఒకటే. ఈ అయిదు కడులను ఒక కాగితం మీద రాసి డబ్బా పక్కన అతికించండి: రోషనీ, పరిచయం, గాలి, పతా, పేరు. ఇంట్లో మర్దులు లేనప్పుడు అమ్మీ, ఖాలా, నానీమా కూడా చూసుకోగలగాలి. ఫిర్యాదు ఫోన్‌లో "నెట్ వస్తలేదు" అనే బదులు "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, రాత్రి తొమ్మిది నుంచి" అని చెప్తే అవతలివాళ్లు నేరుగా లైన్‌మన్‌ను పంపగలుగుతారు. ఇక ఛోటూను తిట్టేది ఉంటే, కాగితం మీది అయిదూ చూశాకే తిట్టండి. ఎక్కువసార్లు ఆ అవసరం రాదు, ఇన్‌షా అల్లాహ్.

ఖుదా హాఫిజ్.